గట్టున పెట్టిన ఒట్టు

నా మొగుణ్ణి నేనే చంపబోయాను. విషం పెట్టి కాదు, ఒట్టు పెట్టించి. ఈ మాట మా ఊళ్లో ఎవరితోనూ అనలేదు. ప్రొద్దుటూరు డాక్టరమ్మ ముందు ఒకసారి ఒప్పుకున్నాను, ఇప్పుడు మీ ముందు ఒప్పుకుంటున్నాను.

నా పేరు మల్లిక. జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచర్ని. నా మొగుడు చెన్నకేశవులు నాకు మేనమామ, మా అమ్మకు ఆఖరి తమ్ముడు. చిన్నప్పుడు నన్ను భుజాన ఎత్తుకుని గొర్రెల వెంట తిప్పినవాడు. అందుకే పెళ్లయి పద్దెనిమిదేళ్లయినా నేను ఆయన్ని మామా అనే పిలుస్తాను, ఆయన నన్ను పాపా అంటాడు. మా అత్త యల్లమ్మ నాకు అవ్వ కూడా. మా ఇంట్లో గొడవొస్తే ఎవరు ఎవరి వైపు మనుషులో తేల్చడానికే ఒక పూట పడుతుంది. కూతురు నందిని కడపలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది.

మామకు నూట నలభై గొర్రెలు. మా వాళ్లకు మంద కట్టడమని ఒక పని ఉంది. కోతైన చేలల్లో, మేం చీనీ అనే బత్తాయి తోటల్లో గొర్రెల్ని కొన్నాళ్లపాటు రాత్రిపూట పడుకోబెడితే ఆ ఎరువుతో భూమికి బలమొస్తుంది. రైతు అందుకు బియ్యం ఇస్తాడు, కూలి ఇస్తాడు, మొదటి సాయంత్రం కాపరి చేతిలో ఒక బ్రాందీ సీసా పెడతాడు. ఆ సీసా కూలి కిందికి రాదు, మర్యాద కిందికి వస్తుంది. కాపరి మనసు నిండితేనే మంద నిమ్మళంగా పడుకుంటుందని, అప్పుడే తోట కాస్తుందని నమ్మకం. సీసా వద్దంటే రైతును అవమానించినట్టు. మా మామ ఇరవై ఏళ్లలో ఒక్క రైతును కూడా అవమానించలేదు.

మొదట్లో మంద కట్టిన రోజే తాగేవాడు. తర్వాత కట్టని రోజు కూడా తాగాడు. పోయిన ఏడాది ఉగాది నాటికి రోజుకు మూడు క్వార్టర్లకు వచ్చాడు. పొద్దున లేవగానే చేతులు వణికేవి, ఒక గుటక పడితే గానీ నిలిచేవి కావు. గొర్రెల గిట్టలు చెక్కబోతే కత్తి కాలికి తగిలేది, అందుకని ఆ పని మానేశాడు. నడుస్తూ నడుస్తూ ఉన్ని వడికే మనిషి, కదురును తీసుకెళ్లి గూట్లో పెట్టేశాడు. కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. తాగి నవ్వుకుంటూ ముడుచుకుని పడుకునేవాడు. అది చూస్తే నాకు మరీ ఒళ్లు మండేది. కొట్టే మొగుడైతే తిరిగి కొట్టవచ్చు, నవ్వే మొగుణ్ణి ఏం చేయగలం?

ఉగాది పోయాక వచ్చిన సోమవారం పొద్దున గొర్రెల దొడ్డి దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"మామా, నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి. ఈ దినం నుంచి ఒగ చుక్క కూడా ముట్టనని."

"రోంత రోంత తగ్గించుకుంటా పాపా," అన్నాడు నేల చూస్తూ.

"తగ్గించేదేంది? తాగేవోడు తాగుతాడు, మానేవోడు మానుతాడు. నడిమధ్యలో ఉండేది దొంగనాయాళ్లు."

తల మీద వేసిన ఒట్టు తప్పితే ఆ తల ఉన్న మనిషి పోతుందని మా పక్క పసిపిల్లలకు కూడా తెలుసు. మామకు మరీ బాగా తెలుసు. అయినా చెయ్యి ఎత్తి నా పాపిట మీద పెట్టాడు. ఆ చెయ్యి నా జుట్టులో వణుకుతూనే ఉంది. భక్తి అనుకున్నాను. నా మీద ప్రేమ అనుకున్నాను. వెర్రిదాన్ని.

ఆ రోజంతా చెమటలు కారిపోయాయి. మంగళవారం అన్నం ముట్టలేదు, కన్ను మూయలేదు. సాయంత్రానికి ఇంట్లో లేని గొర్రెపిల్లల్ని అదిలించడం మొదలుపెట్టాడు. "పాపా, ఆ పిల్ల బియ్యం మూటెక్కింది సూడు," అన్నాడు. నాకు భయం వేయాలి కదా? గర్వమేసింది. విషం దిగుతోంది, పథ్యమన్నాక ఆ మాత్రం కష్టముండదా అనుకున్నాను. బుధవారం తెల్లవారుతుండగా వాకిట్లో ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ఇనుము పట్టిస్తే ఆగుతాయని అవ్వ బీగాలగుత్తి తెచ్చి కొడుకు చేతిలో కుక్కింది. నేను నూట ఎనిమిదికి ఫోన్ చేశాను. జమ్మలమడుగులో సూది వేసి, మా వల్ల కాదు ప్రొద్దుటూరు పొమ్మన్నారు.

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో చూసిన డాక్టరమ్మ పేరు ఫరహత్. పొట్టిగా ఉంటుంది, మాట మాత్రం పొడుగు.

"ఉన్నట్టుండి ఆపమని చెప్పింది ఎవురమ్మా?"

"నేనే మేడం. ఒట్టు పెట్టిచ్చినా."

"బంగారు తల్లివి," అంది. మెచ్చుకోలు కాదని ముఖం చూస్తేనే తెలిసింది. తర్వాత కుర్చీ లాక్కుని నిదానంగానే చెప్పింది. "ఇన్నేండ్లు దినమూ తాగిన ఒళ్లమ్మా ఇది. తాగుడు మెదడును ఒగ పక్క నుంచి నెడ్తాంటే, మెదడు ఇంగో పక్క నుంచి ఎదురు నెడ్తా నిలబడుంటాది. తలుపుకు అవతల నెట్టేవోడు టక్కున తప్పుకుంటే ఇవతలోడు ఏమైతాడు? బోర్లా పడ్తాడు. ఇదీ అంతే. ఇంత తాగేవోళ్లను ఇంట్లో ఒగేసారి ఆపితే ప్రాణం పోయినా పోతాది. ఆసుపత్రిలో మందులిచ్చి ఆపల్ల. ల్యాకుంటే మేము చెప్పినట్ల మెల్లగా దింపల్ల."

పది రోజులు వార్డులో ఉన్నాం. మొదటి నాలుగు రోజులు లేని గొర్రెల కోసం లేచి పోతున్నాడని మంచానికి చేతులు కట్టేశారు. కట్టేసిన ఆ చేతుల్ని చూస్తూ నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. వచ్చేటప్పుడు డాక్టరమ్మ పరీక్షల కాగితాలు ముందుపెట్టి చెప్పింది. లివర్ వాచింది, కొవ్వు పట్టింది, రక్తంలో దాని లెక్క ఉండాల్సినదానికి ఐదింతలుంది. బీపీ కూడా ఎక్కువే.

"గట్టిపడలేదు, అదొగటే అదృష్టం. గట్టిపడుంటే ఒగ చుక్కకు కూడా నేను ఒప్పుకునేదాన్ని కాదు. ఇట్లనే తాగితే రెండు మూడేండ్లలో గట్టిపడొచ్చు. అప్పుడు నా చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. మళ్లీ పరీక్ష చేసేనాటికి ఈ అంకె కిందికి రావల్ల."

ఆ అంకె దిగితే మామ ఉంటాడు, దిగకపోతే పోతాడు. నాకు అర్థమైంది అంతే.

ఇంటికొచ్చాక ఇరవై రోజులు చుక్క ముట్టలేదు. నేను ఊరంతా టముకు వేశాను. నా ఒట్టు బలం అట్లాంటిదని వీధి కుళాయి దగ్గర కూడా చెప్పుకున్నాను. తర్వాత లింగాల పక్క నారాయణరెడ్డి చీనీ తోటలో మంద కట్టడానికి వెళ్లాడు. పన్నెండో రోజు తిరిగొచ్చాడు గానీ ఇంట్లోకి రాలేదు. దొడ్డి దగ్గరే ఉంటున్నాడని, అన్నం అక్కడికే పంపమన్నాడని అవ్వ చెప్పింది. అప్పటికి నాకు జ్వరం, కీళ్లనొప్పులు. మంచం దిగలేని స్థితి. మూడో రోజు అవ్వ నోరు తెరిచింది. "వాడు ఆడ తాగుతాండాడు మల్లీ, ముందర్కంటే ఎక్కువ."

జ్వరంతోనే లేచి వెళ్లాను. గొంగళి కప్పుకుని దొడ్డి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే గొంగళి మొహం మీదికి లాక్కున్నాడు.

"ఒట్టేసినావే! నా తల మీద ఒట్టేసినావే!" అని అరిచాను. గొర్రెలు బెదిరి ఒక మూలకు పోయాయి.

"అందుకే పాపా," అన్నాడు గొంగళి లోపల్నుంచి. "రెడ్డి సీసా ఇచ్చినాడు. వొద్దనేదానికి నోరు రాల్యా. ఒగ గుటకే అనుకున్నా. గుటక పడినాక ఒట్టు పోయినట్టే గదా. పోయినాక గుటకైతే ఏంది, సీసా అయితే ఏంది అని మొత్తం తాగినా. ఈడికొస్తే నీకు జరం. నేనే సంపుతాండా నిన్ను. నీ మొగం సూసేదానికి భయమైతాంది. ఆ భయానికి ఇంగా తాగుతాండా."

"వీధి వీధంతా జరమే మామా. అందరి మొగుళ్లూ ఒట్టు తప్పినారా?"

ఆ మాటకు ఎవరైనా నవ్వుతారు. మామ నవ్వలేదు. గొంగళి కింద ఆయన భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నా కోపమంతా దిగిపోయి ఆయన పక్కనే నేల మీద కూర్చున్నాను. ఆయన్ను బాగుచేయాలని నేను కట్టిన తాడే ఆయన మెడకు బిగుసుకుంటోంది.

జ్వరం తగ్గాక ఇద్దరం మళ్లీ ప్రొద్దుటూరు బస్సెక్కాం. తిడుతుందనుకున్న డాక్టరమ్మ తిట్టలేదు. మళ్లీ వార్డులో చేరమంది. మంచానికి కట్టేసిన రోజులు గుర్తొచ్చి మామ చేతులు రెండూ వీపు వెనక దాచుకున్నాడు. "సరే, ఇంగో దారుంది," అని ఆమె బల్ల సొరుగులోంచి ముప్పై ఎం.ఎల్. కొలత కప్పు తీసింది, దగ్గుమందు తాగే ప్లాస్టిక్ కప్పు.

"మూడు క్వార్టర్లంటే ఇట్లాంటివి పద్దెనిమిది. ఎంత తాగినా దీంతోనే కొలిచి తాగల్ల. మూడు నాలుగు దినాలకొగ కప్పు తగ్గించల్ల. మాత్రలు మానగూడదు, పదైదు దినాలకొగసారి నాకు కనపడల్ల. వణుకొచ్చినా చెమట్లు పోసినా తగ్గించేది ఆపి నాకు ఫోన్ చెయ్యల్ల. పూర్తిగా మానేస్తే అన్నిటికంటే మేలు. ఆడికి పోయేదానికే ఈ దారి. సగం దారిలో ఉన్నా లివర్‌కు ఆ సగం లాభమే."

"తాగుడును నేనే చేతులారా కొలిచి పొయ్యల్లా?" అన్నాను.

"పెనం మీద నుంచి దించేటప్పుడు కూడా గుడ్డ పట్టుకునే దించుతావు గదమ్మా," అంది.

నా వల్ల కాదన్నాను. బస్సులో మామ పక్కన కూర్చోకుండా ముందు సీట్లో కూర్చున్నాను. ఇంటికొచ్చి ఆ కప్పును గూట్లో కదురు పక్కన పడేశాను. ఆ రోజు రాత్రి అన్నాల దగ్గర అవ్వకు చెప్పి నవ్వబోయాను. అవ్వ నవ్వలేదు.

"ఒట్టు ఉన్నంతకాలం వాడు ఒగ కప్పు తాగినా తప్పే, ఇరవై తాగినా తప్పే. రెండూ ఒగటే అయినప్పుడు ఎవుడు మే ఒగదాంతో నిలిపేది? పెట్టిచ్చినదానివి నువ్వు. నువ్వే తీయల్ల. తీసి గట్టున పెట్టు."

"తీస్తే నేను ఓడిపోయినట్లు గాదా అవ్వా?"

"నువ్వు గెలిస్తే వాడు సస్తాడు," అని అవ్వ కంచం కడిగేసుకుంది.

మూడు రోజులు నేను మెట్టు దిగలేదు. మా వంశంలో ఆడవాళ్ల మొండితనం గురించి చెప్పాలంటే వేరే కథ రాయాలి. నాలుగో రోజు సెంటర్లో పిల్లల తూకాల రోజు. సైదున్నీసా కొడుకు ఫిర్దోస్‌ను తూకంలో కూర్చోబెట్టాను. పెరుగుదల కార్డులో ఆ పిల్లవాడి చుక్క ఆరునెలలుగా ఎర్ర గీత కిందే ఉంది. ఆ రోజు చుక్క పెట్టాక కూడా ఎరుపులోనే ఉంది. అది చూసి సైదున్నీసా కళ్లు తుడుచుకుంది. "ఇంత జేసినా ఎర్రలోనే ఉండాడు టీచరమ్మా."

"పిచ్చిదానా, మూడొందల గ్రాములు పెరిగినాడు!" అని కసిరాను. "ఎర్రలోంచి ఒగేసారి పచ్చలోకి ఏ బిడ్డన్నా దూకినాడా? ముందు పసుపులోకి రానీ. గీత పైకి పోతాందా ల్యాదా, అది సూడు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక నేను పెన్ను పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పదిహేనేళ్లుగా ప్రతి నెలా ఊరి తల్లులకు చెబుతున్న మాట. వీధిలో ప్రతి బిడ్డకూ వర్తించిన మాట నా మామకు ఎందుకు వర్తించలేదు? బిడ్డ దగ్గర ఉన్న ఓపిక మొగుడి దగ్గర లేకపోయింది, సిగ్గేసింది.

ఆ సాయంత్రమే మామను మా చేని గట్టు మీదికి తీసుకెళ్లాను. అవ్వ కర్ర పొడుచుకుంటూ వెనకే వచ్చింది. "ఒట్టు తీసి గట్టున పెట్టు" అని పిల్లలు ఆటల్లో అనుకుంటారు. అవ్వ దాన్ని ఆటగా చేయనివ్వలేదు. ఒక తెల్లటి పలుగురాయి ఏరి నా చేతికిచ్చి, తల చుట్టూ మూడుసార్లు తిప్పమంది. తిప్పి గట్టు మీద పెట్టాను.

"నా తల మీది ఒట్టు తీసి ఈ గట్టున పెట్టినా మామా. ఇంగ నువ్వు తాగితే నేను సావను. పోయేది నువ్వే. నువ్వు పోతే నాకు మామ ఎవురుండారు? అమ్మ పోయినాక నన్ను పాపా అని పిలిచేది నువ్వొక్కడివే గదా."

మామ గట్టు మీద కూర్చుని పిల్లాడిలా ఏడ్చాడు. అవ్వ మాత్రం "పొద్దు గుంకుతాంది, పదండి, గొర్లు దొడ్డికొచ్చే యాళైంది," అంది.

మరుసటి రోజు సెంటర్ నుంచి ఒక పాత పెరుగుదల కార్డు తెచ్చి గోడకు అంటించాను. కిలోల చోట కప్పులు రాశాను. పిల్లల గీత పైకి పోవాలి, మామ గీత కిందికి రావాలి. పద్దెనిమిది నుంచి పది దాకా ఎరుపు, పది నుంచి నాలుగు దాకా పసుపు, దాని కింద పచ్చ. కప్పు నేనే కొలిచి పోస్తాను, చుక్క ఆయనే పెట్టాలి. మొదటి రోజుల్లో ఆ చుక్కలు చూడాలి, వణికే చేత్తో పెట్టినవి చుక్కల్లా లేవు, కోడి కెలికినట్టుగా ఉన్నాయి. మొదటిసారి నా చేత్తో పోస్తున్నప్పుడు కప్పును దూరంగా పట్టుకున్నాను. అబద్ధమెందుకు, అసహ్యమేసింది. పదహారు కప్పుల దాకా ప్రతి కప్పుకూ లోపల తిట్టుకున్నాను. పద్నాలుగు వచ్చేసరికి లెక్క మీద ఆశ పుట్టింది. పన్నెండప్పుడు ఆయనే, "పాపా, ఈ దినం పదకొండు సాలు, రోంత ముందే దిగుదాం," అన్నాడు. వద్దని, డాక్టరమ్మ చెప్పినట్టే దిగాలని గదమాయించాను. తాగమని మొగుణ్ణి గదమాయించిన ఆడదాన్ని మా ఊళ్లో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

తొమ్మిది కప్పుల దగ్గర ఉండగా గంగమ్మ జాతర వచ్చింది. చుట్టాలు పట్టుకుపోయారు, సీసా మొత్తం లాగించి వచ్చాడు. పొద్దున లేచి చూస్తే కార్డు పై అంచు దాటి గోడ సున్నం మీద ఒక చుక్క ఉంది.

"ఇదేంది మామా?"

"రాత్రిది. కాగితంలో పట్టల్యా పాపా," అన్నాడు తల వంచుకుని.

తిట్టడానికి తెరిచిన నోట్లోంచి నవ్వు వచ్చింది. ఒట్టు ఉన్న రోజుల్లో అయితే దొడ్డిలో దాక్కునేవాడు, ఆ ఒక్క రాత్రి ఇరవై రాత్రులయ్యేది. ఇప్పుడు దాక్కోలేదు, పొద్దున్నే లేచి ఉన్నదున్నట్టు చుక్క పెట్టాడు. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, "సరే, ఈ దినం పది, రేపు మళ్లీ తొమ్మిది. జరిగింది జరిగింది," అంది. అలాగే చేశాం. గోడ మీది ఆ చుక్క ఇప్పటికీ ఉంది, సున్నం వేయనివ్వలేదు.

గీత పసుపులోకి దిగాక ఒళ్లే మాట్లాడటం మొదలుపెట్టింది. పొద్దున పూట వాంతులు పోయాయి. రాగి సంగటి ముద్ద తిని ఇంకో అర ముద్ద అడిగాడు. అవ్వ ఆ అర ముద్ద పెడుతూ మొహం అటు తిప్పుకుంది. నిద్రలో ఉలికిపాట్లు తగ్గాయి. ఒకరోజు నేను సెంటర్ నుంచి వచ్చేసరికి దొడ్లో గొర్రెను ఒళ్లో వెల్లకిలా వేసుకుని గిట్టలు చెక్కుతున్నాడు. నాలుగు కాళ్లూ చూశాను, ఒక్క గీటు లేదు. వానలు పడేనాటికి కదురు గూట్లోంచి దిగింది. దసరా వెళ్లాక మామ లెక్క వారంలో నాలుగు రోజులు రెండేసి కప్పులు, మూడు రోజులు సెలవు. సెలవు అన్నది ఆయన పెట్టుకున్న పేరే. సర్కారు ఉద్యోగి నేనైతే సెలవులు ఆయనకు.

దీపావళి ముందర నారాయణరెడ్డి దగ్గర్నుంచి మళ్లీ పిలుపు వచ్చింది. చీనీ తోటలో మంద కట్టాలట. మామ మొహం మాడిపోయింది. "రెడ్డి సీసా పెడ్తాడు పాపా," అన్నాడు. ఆదివారం కలిసొచ్చింది, నేనూ బయల్దేరాను. జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా, అక్కడ్నుంచి లింగాల బస్సు. అప్పటికే మామ గొర్రెల్ని తోలుకుని మూడు రోజులు నడిచి చేరుకున్నాడు.

సాయంత్రం తోటలో మంద సర్దుకున్నాక నారాయణరెడ్డి సీసా పట్టుకుని వచ్చాడు. వెనకాల ఆయన తల్లి పెంచలమ్మ, ఎనభై ఏళ్ల మనిషి, చేయి పట్టుకోకుండా నడుస్తోంది.

"పట్టు కేశవులూ."

మామ చేతులు చాచలేదు. నోరు తెరవబోయి నాలుక కరుచుకున్నాను. ఇది ఆయన దాటాల్సిన వాగు.

"వొద్దు రెడ్డీ. ఈ దినం నాకు సెలవు."

"సెలవేందప్పా? తాగేదానికి సెలవా?" రెడ్డి మొహం ఎర్రబడింది. "మా నాయన కాలం నుంచి ఇస్తాండేది. నా సీసా అంత చేదయిందా నీకు? కాపరి మనసు నిండకుంటే తోట కాయదు."

"మనసు నిండేదానికి సంగటి పెట్టు రెడ్డీ, కోడికూర పొయ్యి, కాదనను. పోయిన తూరి నీ సీసా తాగి నేను సచ్చేంత పనైంది. నీ తప్పు గాదు, వొద్దనేదానికి నోరు రాల్యా నాకు. ఇప్పుడొచ్చింది." మామ మొలలోంచి కొలత కప్పు తీసి చూపించాడు. పద్దెనిమిది నుంచి రెండుకు ఎట్లా దిగాడో, గోడ మీది చుక్కతో సహా, అంతా చెప్పాడు. ఇంత పొడుగ్గా ఈ మనిషి మాట్లాడటం నేను పెళ్లిలో కూడా చూడలేదు.

రెడ్డి నవ్వబోయి ఆగిపోయాడు. పెంచలమ్మ ముందుకొచ్చి ఆ కప్పును చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

"అమ్మీ, ఇది యాడ దొరుకుతాది? మా నారాయణకు ఒగటి తెచ్చియ్యి."

"గమ్మునుండు మా," అన్నాడు రెడ్డి.

"ఇరవై ఏండ్ల నుంచి గమ్మునే ఉండాను," అంది ఆమె.

ఆ పూట సంగటి, నాటుకోడి కూర వచ్చాయి. సీసా మళ్లీ కనపడలేదు. పొద్దున్నే నన్ను బస్సెక్కించడానికి రెడ్డి స్వయంగా మోటార్ సైకిల్ మీద వచ్చాడు, ఒక గంపెడు చీనీకాయలు ఇచ్చాడు. బస్సు కదిలేముందు అటూ ఇటూ చూసి మెల్లగా అడిగాడు. "ఆ డాక్టరమ్మ ఏయే దినాల్లో ఉంటాదమ్మా?"

మంద పని ముగించి మామ వచ్చాక, కప్పు పట్టిన ఆరో నెల నిండేనాటికి ప్రొద్దుటూరు వెళ్లాం. రక్తం ఇచ్చి బెంచీ మీద కూర్చున్నాం. ఆ రెండు గంటల్లో నేను మొక్కని దేవుడు లేడు. డాక్టరమ్మ పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టింది. ఐదింతలున్న అంకె ఉండాల్సినదానికి కొసరు మాత్రమే ఎక్కువుంది. లివర్ వాపు దిగింది. బీపీ మామూలు.

"ఆ రెండు కప్పులు కూడా పోతే ఇంగా బాగుంటాది," అంది. "నిలబడినావు గానీ గెలిచినాననుకోవద్దు. జబ్బు వెనకాలే నడుస్తా ఉంటాది." అంటూనే మామ భుజం తట్టింది. నేను అక్కడే, అందరి ముందే ఏడ్చేశాను. డాక్టరమ్మ నా చేతిలో దూది పెట్టింది, కళ్లు తుడుచుకోవడానికి ఇంకేమీ దొరకలేదేమో.

బస్సు దిగి చేలమీదుగా నడుస్తూ ఇంటికి వస్తున్నాం. మా గట్టు దగ్గర మామ ఆగాడు. పలుగురాయి అక్కడే ఉంది, చుట్టూ గరిక లేచింది.

"పాపా, ఒట్టు తీసి మళ్లా నెత్తిన పెట్టుకుందామా? ఇప్పుడైతే నిలుపుతా. ఆ రెండు కప్పులు కూడా వొదిలేస్తా."

ఒప్పుకోవాలని నోటిదాకా వచ్చింది. పాత బుద్ధి ఎక్కడికి పోతుంది? కానీ దొడ్డిలో గొంగళి కింద ఎగిరెగిరి పడిన భుజాలు గుర్తొచ్చాయి.

"వొదిలేస్తే వొదిలెయ్యి మామా. ఒట్టు మాత్రం ఆడనే ఉండనీ. కార్డుంది, చుక్క పెట్టుకుందాం."

సరేనన్నట్టు తలూపాడు. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి వచ్చి, చెయ్యెత్తి నా తల మీద పెట్టాడు. నేను ఉలిక్కిపడ్డాను.

"వొద్దన్నా గదా మామా!"

"ఒట్టుకు గాదు పాపా. ఊరికే."

ఒట్టు వేసిన రోజు నా జుట్టులో వణికిన చెయ్యే అది. ఇప్పుడు నా పాపిట మీద బరువుగా, వెచ్చగా, కదలకుండా ఉంది. చిన్నప్పుడు గొర్రెల వెంట నడవలేక నేను ఏడిస్తే ఇట్లాగే పెట్టేవాడు. ఎంతసేపు పెట్టాడో తెలీదు, నేను తియ్యమనలేదు. తర్వాత ఇద్దరం ఇంటికి నడిచాం, ఆయన ముందు, నేను వెనక.